గుమ్మడికాయ బాకీ

పోయిన ఆదివారం చర్చిలో కానుకల సంచి నా వరసలోకి వచ్చింది. ముదురెరుపు వెల్వెట్టు సంచి, నోటికి ఇత్తడి కడియం, పట్టుకోవడానికి చెక్క పిడి. అన్నీ పాతవే. దాని కడుపు మీద మాత్రం ఎవరో క్యూఆర్ కోడు కాగితాన్ని లామినేషన్ చేయించి సేఫ్టీ పిన్నుతో గుచ్చారు. నా పక్క కుర్రాడు ఫోను తీసి సంచికి చూపించాడు. కీర్తన రెండో చరణం మధ్యలో ‘టింగ్’మంది. అంతే, ఆ పూట ప్రసంగం నా చెవికెక్కలేదు.

ఫోనంటే నాకేం కోపం లేదు. కరెంటు బిల్లూ గ్యాసూ అందులోనే కడతాను. కానీ కానుక బిల్లు కాదు కదా! చిన్నప్పుడు సంచి దగ్గరికొస్తోందనగా నాన్న మా గుప్పిట్లో తలా ఒక నాణెం పెట్టేవాడు. చెమటకు తడిసి అరచేతిలో దాని అచ్చు పడేది. చెయ్యి సంచి అడుగుదాకా పోవాలి, ఎంత వేశామో పక్కవాడికి తెలియకూడదు. అయిదు పైసలు వేసి అర్ధరూపాయి మోత మోగించే విద్య మా పెదనాన్న కొడుక్కి వచ్చు. ఆ విద్య వాడితోనే పోయేట్టుంది.

సరే, డబ్బు సంగతి వదిలేద్దాం. నా అసలు బెంగ బియ్యం గురించి.

మాది ఒంగోలు దగ్గర పల్లె, బాప్టిస్టు సంఘం. మా ఇంట్లో పొయ్యి పక్కన రంగు వెలిసిన డాల్డా డబ్బా ఒకటి ఉండేది. అమ్మ బియ్యం కొలిచి చాటలో పోసుకుని, రాళ్ళేరి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ అంతే. ఆదివారం ఆ డబ్బా గుడికి పోయేది. కొలిచిన బియ్యం ఇంట్లోవాళ్ళకే చాలని రోజు కూడా అమ్మ చెయ్యి ఆగేది కాదు. “ఈ పూటకి దేవుడేం అనుకోడులేవే” అన్నాడు నాన్న ఓసారి. “దేవుడు అనుకోడు, పాస్టరమ్మగారు అనుకుంటారు. పోయినవారమే డబ్బా తేలిగ్గా ఉందని చేత్తో ఎగరేసి చూశారు” అంది అమ్మ.

గుడిలో డబ్బాలన్నీ ఒకే గోతాంలోకి పోయేవి. ఒకరివి రేషను బియ్యం, ఒకరివి కూలికొచ్చిన కొత్త బియ్యం, ఇంకొకరివి సగం నూకలు. ఆ గోతాంలో కొంత పాస్టరుగారింటికి, కొంత ముసలివాళ్ళకి, మిగిలింది ప్రేమవిందుకి. వడ్డిస్తే సగం మెతుకులు చిమిడిపోయి, సగం పలుకుగా ఉండేవి. ఒక్క ముద్దలో పదిహేను ఇళ్ళు తగిలేవి నోటికి. మా పల్లెలో అన్నం అంటే అదే అనుకునేవాణ్ణి నేను.

మరి ఇదే బియ్యం గురించి ఊళ్ళో బడిలో ఏమనేవాళ్ళో తెలుసా? “మీరు బియ్యానికి కలిసినోళ్ళంటగా!” అంటే బియ్యం కోసం మతంలో కలిశామని. ఆ మాటకి జవాబు చెప్పడం నా జబ్బు. ఇప్పటికీ ఎవరైనా దొరికితే కూర్చోబెట్టి చెబుతాను, మీరూ కాసేపు కూర్చోండి. మావాళ్ళలో తొలి విశ్వాసి యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. ఆయన బాప్తిస్మం తీసుకున్నది 1866లో, అంటే పెద్ద కరువుకి పదేళ్ళ ముందు. 1876లో కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని మా మిషనరీ క్లౌ దొర జనానికి కూలిపని చూపించాడు. ఊరికే పెట్టలేదు, మట్టి మోయించుకుని పెట్టాడు. పైగా ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఇవ్వనని కూర్చున్నాడు, తిండికోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం అయిపోయాకే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో నిలబడ్డారు. ఇంతా చేసి దొర జాగ్రత్త దండగే అయింది. నూరేళ్ళ తరవాత కూడా బడిలో నా పక్కవాడు ఆ మాట అననే అన్నాడు. వాడికి నేను కాలువ కథంతా చెప్పలేకపోయాను. మా ఇంట్లో డాల్డా డబ్బా ఉందని కూడా చెప్పలేకపోయాను. పలకతో నెత్తిన ఒకటిచ్చాను.

(మిజోరంలోనూ ఈ పిడికెడు బియ్యం ఉంది. బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. 1910లో మొదలుపెట్టి ఇప్పటికీ మానలేదు వాళ్ళు. ఫోన్లు వాళ్ళకీ ఉన్నాయి.)

ఉద్యోగం హైదరాబాదుకి తెచ్చినప్పుడు ఇక్కడి గుడిలో ఆరునెలలు చివరి బెంచీలో కూర్చున్నాను. గుమ్మం దగ్గర అందరూ చెయ్యి కలిపి “వందనాలు బ్రదర్” అనేవారు. పేరు తెలియనివాళ్ళందరూ బ్రదర్లేనని గ్రహించడానికి నాకు ఆ ఆరునెలలూ పట్టింది. ఒకరోజు ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం పెద్దావిడ గోతాంతో కుస్తీ పడుతూ నన్ను చూసింది. “ఏం బాబూ, ఊరికే నిలబడ్డావు? ఆ మూతి ఇటు పట్టు.” పట్టాను. లోపల బియ్యం. ఇళ్ళ నుంచి డబ్బాల్లో వచ్చిన బియ్యం! సన్నవీ దొడ్డువీ కలిసి ఉన్నాయి. చెయ్యి పెట్టి చూస్తూ ఉండిపోయాను. “ఏ ఊరు మీది?” అందావిడ. ఒంగోలన్నాను. “ఏ పల్లె? ఎవరి తాలూకు?” మూడో ప్రశ్నకి మా దొడ్డమ్మ అత్తగారి ఊరు దొరికింది, నాలుగో ప్రశ్నకి ఆవిడ నాకు వరసకి పిన్ని అయింది. ఆ పూట గోతాం ఎత్తి మేడమీదికి చేర్చింది నేనే. ఇరవయ్యేళ్ళు దాటింది, ఇప్పటికీ నేనే. నెలకోసారి తూకం వేసి, అయిదేసి కిలోల సంచులు కట్టి, ఒంటరి ఆడవాళ్ళ ఇళ్ళకి స్కూటరు మీద చేరవేస్తాను. నడుం పట్టేస్తే ఆవిడే జండూబామ్ పంపిస్తుంది.

ఇప్పుడు కమిటీ కుర్రాళ్ళు అంటారూ, “అంకుల్, బియ్యం ఎందుకు, ఎవరు మోస్తారు, స్కాన్ చేస్తే పోలా?” ఎవరు మోస్తారేమిటి! మోస్తున్నది నేను కాదూ?

మోయడం అంటే గుమ్మడికాయ గుర్తొస్తోంది. నేను అయిదో తరగతిలో ఉండగా పెంటకుప్ప పక్కన నాటిన గింజ తీగై తాటాకు కప్పు మీదికి పాకింది. ఒక్కటే కాయ నిలిచింది. రోజూ బడి నుంచి రాగానే నిచ్చెనేసి చూసొచ్చేవాణ్ణి. కోతల పండుగ వచ్చేసరికి నాన్న “తొలికాయ గుడికి” అన్నాడు. ఏడుస్తూనే నెత్తిన పెట్టుకుని మోశాను. ఆరాధన తరవాత వేలం. గుడ్లు పోయాయి, పుంజు పోయింది, నా కాయ వచ్చింది. నా మొహం చూసి నాన్న తనే పాట మొదలెట్టి పదకొండు రూపాయలదాకా లాగాడు. అంతకుమించి ఆయన జేబులో లేదు. వెనక నుంచి ఒక మేస్త్రీ “పన్నెండు” అన్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. డబ్బు అడిగితే “వచ్చే ఆదివారం” అన్నాడు.

ఆ ఆదివారం రాలేదు. ప్రతివారం సంచి అతని దగ్గరికి పోయినప్పుడు నేను మెడ సాచి చూసేవాణ్ణి. పదో తరగతిలో సంఘం లెక్కలు రాయడానికి నన్ను పెట్టుకుంటే మొట్టమొదట వెతికింది ఆ పద్దే. ‘గుమ్మడికాయ 12-00 బాకీ.’ ఏటేటా కొత్త పేజీకి ఎత్తి రాస్తూ వచ్చారు. నేనూ అందంగా ఎత్తి రాశాను, కింద ఎర్ర సిరాతో గీత కూడా కొట్టాను.

ఆ వేలం రోజు సాయంత్రం మేస్త్రీ భార్య పల్లెలో ఇంటింటికీ గుమ్మడికాయ పులుసు పంచింది. మా ఇంటికి పెద్ద గిన్నె. బెల్లం ఎక్కువైందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను రెండుసార్లు వేయించుకున్నాను.