మీల్ మేకర్ మీద నేరం

హాస్టల్ కుర్రాళ్ళు నా గదిలోకి వచ్చి, తలుపు పూర్తిగా పడిందో లేదో వెనక్కి చూసుకుని మరీ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మీల్ మేకర్ తింటే మగోళ్ళకి ఆడ హార్మోన్ వస్తాదంట, నిజమేనా?" ఒకప్పుడు తిరుపతిలో ఈ భయం లేదు. అప్పటి కుర్రాళ్ళ భయాలు వేరు, వాటికోసం గోడల మీద ప్రకటనలు రాయించే లాడ్జి వైద్యులు వేరు. ఇప్పుడు ఫోనులో ఎవరో చెబుతారు, జిమ్‌లో అన్న అవునంటాడు, రూమ్మేటు ఎగతాళి చేస్తాడు. అంతా కలిసి నా దగ్గరికి తోలుతున్నారు.

మా చిత్తూరు సీమ తిండి చూడండి. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, ఉలవచారు, చలి ముదిరితే అనపగింజల పితికిపప్పు. పప్పుగింజల్లోనూ నువ్వుల్లోనూ ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలు కొద్దోగొప్పో ఉంటాయి. గుండెకు మంచిదని అందరూ పొడి కొట్టుకుని తింటున్న అవిసె గింజల్లో లిగ్నాన్లు అనే రకం దండిగా ఉంటుంది. వీటినెవరూ అనుమానించరు. మీల్ మేకర్‌కు మూలమైన సోయా మా పంట కాదు, తెలుగు నేల మీద అది ఆదిలాబాద్ వైపు పండుతుంది. నూనె తీయగా మిగిలిన పిండిని ఉండలు చేసి ప్యాకెట్లలో పోస్తే మా హాస్టళ్ళ కూరల్లోకి, శనివారం మాంసం ముట్టనివాళ్ళ బిర్యానీలోకి వచ్చి చేరింది. కొత్త తిండి కాబట్టి అనుమానం దాని మీదికే పోయింది. మునక్కాయకు దీనికి పూర్తిగా ఎదురు పేరుంది. 1983లో భాగ్యరాజ్ తమిళ సినిమా 'ముందానై ముడిచ్చు' వచ్చాక సరిహద్దుకు ఇటువైపు కూడా మునక్కాయ సాంబారు వడ్డిస్తే ముసిముసి నవ్వులే. ఒక కాయ మగతనం పెంచుతుందని నమ్మినవాళ్ళు ఇంకో గింజ దాన్ని తగ్గిస్తుందని నమ్మడంలో వింతేముంది?

అయితే ఈ భయం గాల్లోంచి పుట్టింది కాదు. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ మేసిన గొర్రెలకు చూలు నిలవకుండా పోయింది. బెన్నెట్స్ అనే పశువైద్యుడు, ఆయన సహచరులు 1946లో ఆ సంగతి ప్రచురించారు. ఆ మేతలోని ఐసోఫ్లేవోన్ జాతి పదార్థం గొర్రె పొట్టలో రూపు మారి ఈస్ట్రోజెన్ లాగా పనిచేసిందని తర్వాత తేలింది. సోయాలోని జెనిస్టీన్, డైడ్జీన్ కూడా ఆ జాతివే. కాకపోతే ఆ గొర్రెలు పొద్దస్తమానం అదే మేశాయి. పైగా అవి ఆడ గొర్రెలు. మగవాడి రొమ్ము గురించి సాక్ష్యం చెప్పడానికి వాటిని పిలవడం కొంచెం అన్యాయం.

మన ఒంట్లో ఈస్ట్రోజెన్ కూర్చునే చోట్లు ముఖ్యంగా రెండు రకాలు. వాటిని ఆల్ఫా, బీటా అంటాం. జెనిస్టీన్ బీటాకే ఎక్కువగా అతుక్కుంటుంది. అతుక్కున్నా దాని బలం అసలు హార్మోన్ బలంలో వందో వంతో, వెయ్యో వంతో. బస్టాండులో కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరినట్టన్నమాట. సీటు ఆగుతుంది, టికెట్టు కొనే మనిషి మాత్రం అక్కడ లేడు. ఒక్కోసారి అసలు మనిషి కూర్చోబోతే ఆ తువ్వాలే అడ్డం కూడా పడుతుంది.

ఎంత తింటున్నాం అన్నది ఇంకో లెక్క. వంద గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో సుమారు 150 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఉండొచ్చు, తయారీని బట్టి అటూ ఇటూ. హాస్టల్ గరిటెలో పడేవి, నానకముందు తూస్తే, ఇరవై గ్రాములకు మించవు. జపాన్‌వాళ్ళు రోజూ 25 నుంచి 50 మిల్లీగ్రాముల దాకా తరతరాలుగా తింటూనే ఉన్నారు. 2021లో 41 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన సమీక్ష వచ్చింది. అందులో టెస్టోస్టెరాన్ కొలిచిన మగవాళ్ళే 1,753 మంది. సోయా తిన్నా, ఐసోఫ్లేవోన్ మాత్రలు మింగినా టెస్టోస్టెరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజెన్‌లలో ముఖ్యమైన ఈస్ట్రడయోల్ పెరగలేదు.

ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. 2008లో అమెరికాలో అరవై ఏళ్ళ మనిషికి రొమ్ములు నొప్పితో పెరిగాయి. రోజుకు మూడు లీటర్లకు దగ్గరగా సోయా పాలు తాగేవాడని తెలిసి మాన్పిస్తే తగ్గాయి. 2011లో పంతొమ్మిదేళ్ళ కుర్రాడి సంగతి ప్రచురించారు. రోజుకు 360 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు లోపలికి పోయే తిండి తిని, టెస్టోస్టెరాన్ పడిపోయి, మానేశాక కోలుకున్నాడు. మితం తప్పిన ఒక్కొక్క మనిషి కథలివి. బోస్టన్‌లో సంతానం కోసం వచ్చిన 99 మంది మగవాళ్ళను చూసిన అధ్యయనం కూడా 2008దే. సోయా ఎక్కువ తిన్నవాళ్ళలో వీర్యకణాల సాంద్రత తక్కువగా కనబడింది గానీ వాటి కదలికలో, ఆకారంలో తేడా లేదు. కనబడిన ఆ తేడా కూడా లావుపాటివాళ్ళలోనే ఎక్కువ.

ఆ చివరి మాట దగ్గర నాకు పుంగనూరు వైపు నుంచి వచ్చే లారీల యజమాని గుర్తొస్తాడు. నలభై దాటినవాడు, పొట్ట బెల్టు మీదుగా దిగింది, ఛాతీ కూడా. వాళ్ళమ్మ ఇంట్లో సోయా నూనె సైతం బయట పెట్టించింది. ఐసోఫ్లేవోన్లు పిండిలో మిగిలిపోతాయి, నూనెలోకి దాదాపు రావు. ఆమెకా సంగతి చెప్పే ధైర్యం కొడుక్కి లేదు, నాకూ పెద్దగా లేదు. ఆయన తెచ్చిన టెస్టోస్టెరాన్ రిపోర్టు సాయంత్రం తీసింది. ఆ హార్మోన్‌ను పరగడుపున, పొద్దున ఎనిమిది పది మధ్య చూడాలి. మళ్ళీ తీయిస్తే అప్పుడూ తక్కువే వచ్చింది, దానితోపాటు చక్కెర కూడా బయటపడింది. పొట్ట కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మగవాడి టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రడయోల్‌గా మార్చేది అదే. ఆడ హార్మోన్ ఎక్కడినుంచి వస్తోందని వెతికితే ప్యాకెట్ దాకా పోనక్కర్లేదు, చొక్కా ఎత్తితే చాలు. రాత్రి పరోటాలు, బ్రాందీ తగ్గించి, పొద్దున నడిచి, ఏడాదిలో బాగా చిక్కాడు. టెస్టోస్టెరాన్ ఏ సూదీ లేకుండానే పైకొచ్చింది. అమ్మగారు మాత్రం అది నూనె మార్చినందువల్లేనని అందరికీ చెప్పుకుంటోంది.

పలమనేరు కుర్రాడి కథ వేరు. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతూ తిరుపతిలో గది తీసుకున్నాడు. పదహారు వందల మీటర్ల పరుగు వాడికి లెక్కలోది కాదు. ఛాతీ కొలతలకే భయపడ్డాడు. 86.3 సెంటీమీటర్లుండాలి, గాలి పీలిస్తే ఇంకో అయిదు పెరగాలి, చొక్కా విప్పి నిలబడాలి. రెండు చనుమొనల కింద తాకితే నొప్పిపెట్టే గట్టి గ్రంథి తగిలింది. అది కొవ్వు కాదు, నిజమైన గైనకోమాస్టియా. "మీల్ మేకర్ మానేసినా సార్, ఆరు నెలలాయె, తగ్గలే" అన్నాడు. జిమ్‌లో పొడులేమన్నా తాగుతావా అంటే ప్రోటీను ఒక్కటే అన్నాడు. సూదులు అనగానే కిందికి చూశాడు. టెస్టోస్టెరాన్ ఒకటి, డెకా ఒకటి, నోటి మాత్రలు వేరే. ఇచ్చినవాడి పేరు నేనడగలేదు, అడిగితే మిగతాది చెప్పడు. బయటినుంచి అంత మగ హార్మోన్ పడితే ఒళ్ళు అందులో కొంత ఈస్ట్రడయోల్‌గా మార్చేస్తుంది. పైనుంచి పిట్యూటరీ ఇక చాలని బీజాలను నడిపే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ కట్టేస్తుంది, బీజాలు చిన్నబోతాయి. వీర్యపరీక్షలో ఒక్క కణం లేదు. కండ పెంచాలని పొడిపించుకున్న సూదే రొమ్ము పెంచితే, వాడు మాత్రం ఆరు నెలలు హాస్టల్ కూరలో ముక్కలు ఏరి పక్కన పెట్టాడు. సూదులు ఆపి, నెలల తరబడి ఓపిక పట్టాక కణాలు తిరిగొచ్చాయి. ముదిరిన గ్రంథి మందులకు కరగదు కాబట్టి అది ఆపరేషన్‌తోనే పోయింది.

కొన్ని కేసులకు ఇంత వేట అక్కర్లేదు. గుండె వాపుకు స్పైరనోలాక్టోన్ వాడుతున్న పెద్దాయన రొమ్ము పెరిగిందని చపాతీ పిండిలో కలిపిన సోయాను తిట్టుకుంటూ వచ్చాడు. గుండె డాక్టరుతో మాట్లాడి ఆ మాత్ర బదులు ఎప్లెరెనోన్ ఇప్పిస్తే సరిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి వాళ్ళమ్మ శ్రీకాళహస్తి నుంచి తీసుకొచ్చింది. ఆ వయసు మగపిల్లల్లో దాదాపు సగం మందికి కొద్దిగా రొమ్ము పొంగి, ఒకట్రెండేళ్ళలో దానంతటదే అణుగుతుంది. వాడికి కావలసిందల్లా ఈత నేర్పే సారు ముందు చొక్కా వేసుకునే అనుమతి. సోయా నిజంగా తగవు పెట్టుకునే హార్మోన్ ఒకటుంది, అది థైరాయిడ్ మాత్ర. పొద్దున మాత్ర మింగిన వెంటనే సోయా పాలు తాగే లెక్చరర్ ఒకాయనకు డోసు ఎంత పెంచినా, థైరాయిడ్ చాలడం లేదని చెప్పే టీఎస్‌హెచ్ దిగేది కాదు. సోయా ఆ మాత్రను పేగుల్లో సరిగా పీల్చనివ్వదు. మధ్యలో నాలుగు గంటలు ఎడం పెట్టమన్నాక దిగింది. ఈ సంగతి మీద వీడియో ఎవరూ చేయరు.

సోయా భయం మీద నాకు కోపం రావడానికి కారణం కుప్పం కుర్రాడు. మీల్ మేకర్ మానేస్తే ఎవరికీ నష్టం లేదు, ఉలవలున్నాయి, గుడ్లున్నాయి. మానేసి, తగ్గుతుందిలే అని కూర్చోవడంలోనే నష్టం. ఆ అబ్బాయికి ముప్పై నిండలేదు. రైల్లో బెంగళూరు పోయి పనిచేసి వస్తాడు. మామూలు పాలు పడక డబ్బా సోయా పాలు తాగేవాడు. ఎడమ రొమ్ము ఉబ్బింది. పాలు ఆపేసి ఎదురుచూశాడు. కుడిది కూడా ఉబ్బింది. అప్పటికీ ఒంట్లో మిగిలిన సోయా దిగడానికి టైం పడుతుందని ఎవరో ఫోనులో చెప్పింది నమ్మాడు. ఐసోఫ్లేవోన్లు ఒకట్రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి, నెలలు ఉండవు.

ఛాతీ చూపించడానికి వచ్చినవాణ్ణి ప్యాంటు విప్పమంటే "అదెందుకు సార్?" అన్నాడు. మగవాడి రొమ్ము పెరిగిందంటే బీజాలు తడిమి చూడకుండా పంపకూడదు. కుడి బీజంలో నొప్పి లేని గట్టి గడ్డ ఉంది. అది తనకు తెలుసు, కానీ రొమ్ముకూ దానికీ ముడిపెట్టలేదు. నెత్తురులో హెచ్‌సీజీ బాగా ఎక్కువ. గర్భం నిలిచిందో లేదో చూసే పరీక్ష పట్టీ పట్టుకునేది ఆ హార్మోన్‌నే. గడ్డ దాన్ని తయారుచేస్తుంటే, అది బీజాన్ని రెచ్చగొట్టి ఈస్ట్రడయోల్ చేయిస్తోంది. స్కానింగులో కడుపు లోపలి లింఫ్ గ్రంథులకూ పాకింది. మొదటి రొమ్ము ఉబ్బిన నెలలో వచ్చుంటే అంతదూరం పోయేది కాదేమో.

వాళ్ళ నాయన కండువా చేతిలో నలుపుతూ, "వేలూరికి పోదామా సామీ, ఏంది?" అన్నాడు. చిత్తూరువాళ్ళకు పెద్ద జబ్బంటే ముందు వేలూరే. ఎక్కడికి పోయినా సరే, ఈ వారంలోనే పోవాలన్నాను. మందులు మొదలెట్టేలోపు వీర్యం దాచిపెట్టే ఏర్పాటు చేసుకోమని కొడుకును పక్కకు పిలిచి చెప్పాను. గజ్జల్లోంచి ఆపరేషన్ చేసి బీజం తీశారు, సిస్‌ప్లాటిన్‌తో కీమో ఇచ్చారు. 1970లలో ఆ మందు వచ్చాక ఈ జాతి క్యాన్సర్, పాకినా సరే, చాలామందిలో పూర్తిగా నయమవుతోంది. హెచ్‌సీజీ మామూలుకు దిగింది, రొమ్ములూ తగ్గుముఖం పట్టాయి. "అయితే సోయా పాల వల్ల కాదా సామీ?" అని నాయన వచ్చినప్పుడల్లా అడుగుతాడు. కాదంటాను. ఆ ఇంట్లోకి సోయా ఇంకా రానివ్వడం లేదని కొడుకు నవ్వుతూ చెప్పాడు. దానిమీద నేను పట్టుబట్టలేదు. చెప్పిన తేదీకి నెత్తురు పరీక్షకు రావాలన్న దగ్గర మాత్రం పట్టుబట్టాను, వస్తున్నాడు.