వంశధార ఒడ్డున శాలిహుండం

శ్రీకాకుళం జిల్లాలో వంశధార సముద్రాన్ని చేరే చోటికి కొద్దిగా ఎగువన, దక్షిణ తీరాన ఒక గుట్ట, దాని చెంత శాలిహుండం గ్రామం ఉన్నాయి. గుట్టమీది ఇటుక కట్టడాలను 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయనను కొనియాడేవారు ఈ సంగతిని తరచు విస్మరిస్తారు. తరువాతి తవ్వకాలలో బౌద్ధ స్తూపాలు, ధాతుకరండాలు, తార, మారీచి దేవతల శిల్పాలు బయల్పడ్డాయి.

కళింగపట్నం రేవు సమీపంలోనే ఉన్నందున ఈ నేలకు దూరప్రయాణాలు కొత్త కావు. ఆంగ్లేయుల పాలనలో ఈ ప్రాంతపు పేద కుటుంబాలెన్నో పొట్ట చేతబట్టుకొని, బడ్జ్ బడ్జ్ మొదలుకొని హుగ్లీ తీరమంతటా వెలసిన జనపనార మిల్లులకు తరలివెళ్లాయి. స్తూపాలకు ప్రభుత్వ రక్షణ, శిల్పాలకు ప్రదర్శనశాల అమరాయి. వలసపోయినవారి పేర్లను మాత్రం మిల్లుల పాత హాజరుపట్టీలలో వెదకవలసిందే.