గుర్రపుడెక్కలో గేలం

సంక్రాంతికి భీమవరం వెళ్లినవాళ్లు కోడిపందేల కబుర్లు మోసుకొస్తారు. నేను ఈసారి విరిగిన గేలం కర్ర మోసుకొచ్చాను.

హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌లో కొన్న ఆరున్నర అడుగుల ఫైబర్ కర్ర అది. కొస వేలితో తాకితే చాలు, వంగిపోయేది. ఉండి రోడ్డు పక్కన పిల్లకాలువ గట్టు మీద దాన్ని బయటకి తీయగానే మా మావయ్య ఓసారి ఊపి చూశాడు. "పరిగెలకైతే బానే ఉంది అల్లుడూ. ఇక్కడుంది కొరమేను" అన్నాడు. నేను వినలేదు.

దాళ్వా నీళ్లతో కాలువ నిండుగా ఉంది. నీళ్ల మీదంతా గుర్రపుడెక్క, మధ్యలో పళ్లెమంత ఖాళీ. కొరమేనుకి మొప్పలొక్కటే చాలవు, గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే. బుడగ లేచిన చోటికి రబ్బరు కప్పని విసిరాను. లోపల డొల్లగా ఉండి, కొక్కేలు రెండూ వీపుకి ఆనుకునుంటాయి కాబట్టి ఆకుల మీద లాగినా చిక్కుకోదు. రెండోసారి లాగుతుండగా నీళ్లు భళ్లుమన్నాయి. కర్ర విల్లులా వంగింది, చేప మాత్రం డెక్క వేళ్లలోకి దూరి చుట్టేసుకుంది. కంగారులో కర్ర నిలువుగా ఎత్తాను. టప్‌మని విరిగింది, దారమూ తెగింది. నోట్లో కొక్కెంతో ఆ చేప ఎలా తింటుందోనని రాత్రంతా నిద్ర పట్టలేదు.

"డెక్కలో చేపతో ఆడకూడదు, పెకలించాలి" అన్నాడు మావయ్య. ఆయన వెదురు కర్ర మొదలు నా మణికట్టంత ఉంటుంది. నిప్పు మీద కాచి తిన్నగా చేసుకున్నాడు. కొనేవాళ్లయితే అలాంటి చోటికి ఏడడుగుల హెవీ కర్ర తీసుకోండి. కొస మాత్రమే వంగాలి, మిగతాదంతా బిగువుగా ఉండాలి. దారం అల్లికదే కావాలి. ఇంకోమాట, కప్పని అందుకోగానే లాగేయకండి. చేప దాన్ని మింగి, దారం బిగిసేదాకా ఆగి అప్పుడు గట్టిగా కొట్టాలి. కొరమేను నోరు ఎముకలా గట్టిది.

అలాగని అన్నిచోట్లా మొద్దుకర్ర పనికిరాదు. మర్నాడు బావతో కలిసి ఆకివీడు వైపు ఉప్పుటేరుకి వెళ్లాం. కొల్లేరు నీళ్లు సముద్రానికి వెళ్లే దారి అది. అక్కడ దొరికేది పండుగప్ప. ఆస్ట్రేలియావాళ్లు బారాముండి అంటారు. అమెరికావాళ్ల బాస్ వేరే చేప. ఉప్పుటేట్లో డెక్క అడ్డం లేనిచోట బావ చేపబొమ్మ విసిరాడు. దానికి మూడు కొనల కొక్కేలు. కర్ర బిగుసుగా ఉంటే చేప ఎగిరి తల విదిలించినప్పుడు అవి ఊడిపోతాయి. అందుకే నడుము దాకా వంగే గ్లాస్ ఫైబర్ కర్ర వాడాడు. పండుగప్ప మొప్పల మీది రేకులు బ్లేడులాంటివి కాబట్టి బొమ్మకి ముందు మందపాటి తంగుసు ముక్క కట్టాడు.

తూటికాడల అంచున మెత్తటి రబ్బరు ఎర్రలు వేసేవాళ్లకి ఈ రెంటికీ మధ్యరకం చాలు. కొస మాత్రం చిన్న తాకిడినీ చేతికి తెలియజెయ్యాలి.

వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు తేలుతూ కనిపిస్తే మాత్రం ఏ కర్రా వద్దు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి.

మూడోరోజు పొద్దున్నే మావయ్య వెదురు కర్రతో అదే ఖాళీలో కప్ప వేశాను. కిలో కొరమేను డెక్కతో సహా గట్టెక్కింది. ముందు నోరు తెరిచి చూశాను. నా కప్ప లేదు. అత్తయ్య పులుసు పెట్టింది.