తెర చాటు పాచిక

పులిమేక ఆటలో పులులు 3, మేకలు 15. గీతలు కలిసే చోట్లు 23. పులి మొదటి నుంచీ కదులుతుంది, మేక మీద నుంచి దూకి దాన్ని చంపుతుంది. మేకలను మాత్రం ఒక్కొక్కటిగా దించుకోవాలి. పదిహేనూ దిగేదాకా ఒక్కటి కూడా కదలడానికి వీల్లేదు. దిగినాక కూడా చంపే హక్కు లేదు. చుట్టూ మూగి పులికి దారి లేకుండా చెయ్యడమే వాటి గెలుపు. ఇంత ఎగుడుదిగుడు ఆటను తరతరాలుగా ఆడుతున్నారు, ఇది అన్యాయమని పావులు విసిరికొట్టి లేచిపోయినవాళ్లు తక్కువ.

మడకశిర వైపు ఏ రచ్చకట్ట దగ్గరైనా కాసేపు నిలబడితే కారణం తెలుస్తుంది. బొగ్గుతో గీసిన గీతలు అందరి కళ్ల ముందరే ఉంటాయి. ఆడేవాళ్లు ఇద్దరైతే తప్పుపట్టేవాళ్లు పదిమంది. మూడు వైపులా కర్ణాటక ఉన్న సీమ కాబట్టి రెండు భాషల్లోనూ తప్పుపడతారు. పైగా ఒక ఆట అయ్యాక పులులవాడు మేకలు తీసుకుంటాడు. నిన్ను ఇందాక ఏడిపించిన నియమమే ఇప్పుడు నీ చేతికి వస్తుంది. తేడా ఉంది, దాపరికం లేదు.

మా అన్న కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం. శనివారం రాత్రుళ్లు స్నేహితులతో కలిసి వాడు ఆడే ఆటే వేరు. ఒకడు గేమ్ మాస్టర్. మిగతావాళ్లు తలా ఒక పాత్ర: ఒకడు కత్తివీరుడు, ఒకతె మంత్రగత్తె, ఇంకొకడు దొంగ. దారిలో ఎదురయ్యే రాక్షసుడు, పూటకూళ్లమ్మ, వాన, గోడ, గోడ అవతల ఏముందో అదీ, అన్నీ మాస్టరే. వీడు "గోడ దూకుతా" అంటాడు, ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది, దూకాడో కాళ్లు విరగ్గొట్టుకున్నాడో మాస్టరు చెబుతాడు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో అమెరికాలో అచ్చువేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ఆటలకు పెద్దన్న.

పోయిన పండక్కి వచ్చినప్పుడు వాడి గోడు ఇది: "అట్ట తెర అడ్డం పెట్టుకుని పాచిక ఏస్తాడు చిన్నాయనా. ఎంత పడిందో మాకు చూపడు. మావోడు సచ్చిపోయినాడంటాడు, అంతే." అంతలోనే నవ్వి, "ఒక్కోసారి మేం సచ్చేదుంటే బతికిచ్చేస్తాడు గూడా" అన్నాడు.

నాకు మొదటిదానికంటే ఆ రెండోదే ఎక్కువ తొలిచింది. దొంగతనంగా చంపితే కోపమొస్తుంది, నిలదీస్తాం. దొంగతనంగా బతికిస్తే సంతోషంగా ఇంటికి పోతాం, మన గెలుపు మనది కాదని తెలియకుండానే. మాస్టర్లు మాత్రం దీన్ని దయ అంటారు. కథ చెడిపోకూడదు కదా అంటారు. గైగాక్స్ 1979లో మాస్టర్ల కోసం రాసిన మార్గదర్శిలోనే, అవసరమైతే పాచికను పక్కనపెట్టే హక్కు మాస్టరుదే అని ఉంది. ఆట పుట్టించినవాడి మాటైనా దీన్ని నేను ఒప్పుకోను. చావు వద్దనుకుంటే ఆటకు ముందే "ఈ కథలో ఎవరూ చావరు" అని చెప్పవచ్చు. పాచిక వేసినాక దాచడం ఎందుకు?

ఈ చిక్కు అమెరికాలో పుట్టింది కూడా కాదు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంట్ పటం మీద యుద్ధం ఆడించే పద్ధతి తయారుచేశాడు. రెండు పక్షాలూ తమ ఆజ్ఞలను మధ్యవర్తికి చెప్పాలి, పటం మీద దిమ్మెలు కదిపేది అతనే. ఎంతమంది కూలారో పట్టికలు, పాచికలు చెబుతాయి. ఆ లెక్కలతో విసిగి 1876లో వెర్డీ ద్యు వెర్నువా అనే సేనాని, పట్టికలు తీసిపారేసి అనుభవమున్న మధ్యవర్తి తీర్పుకే వదిలెయ్యమన్నాడు. ఆట చురుకైంది, నిజమే. మధ్యవర్తి మంచివాడో కాడో అనే బెంగ కూడా అప్పుడే మొదలై ఉంటుంది.

మనకు ఆ బెంగ అంతకంటే పాతది. శకుని పాచికల్లో మాయ ఉందని కథలు కథలుగా చెప్పుకుంటాం. కానీ భారతంలో అసలు గాయం పాచికల దగ్గర లేదు. పందెం దుర్యోధనుడిది, పాచిక వేసేది శకుని. ఒకడి ఆట ఇంకొకడు ఆడడం సరికాదని ధర్మరాజు ముందే అన్నాడు, అని కూడా కూర్చున్నాడు. తరువాత ద్రౌపది అడిగింది: తనను తాను ఓడినవాడికి నన్ను పందెం పెట్టే హక్కెక్కడిది? శుద్ధంగా ఆట నియమం గురించిన ప్రశ్న. సభలో పెద్దలందరూ ఉన్నారు. ధర్మం సూక్ష్మమైనదన్నాడు భీష్ముడు. వికర్ణుడు లేచి సూటిగా మాట్లాడితే, చిన్నవాడివి కూర్చోమన్నాడు కర్ణుడు. తీర్పు చెప్పాల్సినవాళ్లు ప్రశ్నకు జవాబివ్వకపోతే పాచిక మంచిదైతేనేం, మాయదైతేనేం!

తెర వెనక లెక్క అంటే ఏమిటో మడకశిర రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. శెనక్కాయకు వాతావరణ బీమా కడతాడు. వాన కొలిచే పరికరం ఒకచోట, తన చేను ఇంకోచోట. అక్కడ నాలుగు చినుకులు పడితే ఇక్కడ ఎండిన పంట లెక్కలోకి రాదు. వాన రాలేదని అతను ఆఫీసులో గొడవపడడు, అది ఎవరి చేతిలోనూ లేదని తెలుసు. ఎంత కురిసిందని రాసుకున్నారో చూపించమంటాడు.

మా అన్న కొడుకు వయసు పిల్లలకు నేను చెప్పేదీ ఇంతే. మాస్టరుకు ఎక్కువ తెలియడం అన్యాయం కాదు, గోడ అవతల ఏముందో దాచుకోమనండి, అది లేకపోతే ఆటే లేదు. వీరుడి ప్రాణం మీదికి వచ్చిన పాచికను మాత్రం బల్ల మధ్యలో, అందరి ముందర వెయ్యమనండి. ఎందుకని అడిగితే ఆట ఆపి అయినా జవాబు చెప్పాలి. ఒక కథ ముగిశాక మాస్టరు కుర్చీ ఇంకొకరికి ఇవ్వాలి. ఇవ్వనంటే వాడితో ఆడకండి.