రెండు దారులకు ఒక బండి

మేము కాపురముండునది తిరువళ్ళూరు. మా నాయనగారు విడిచిపోయిన రెండెకరముల చెరకు తోటయు, దానిని వదలి పట్టణమునకు రానని పట్టుబట్టిన మా అమ్మయు ఉన్నది పళ్ళిపట్టుకు ఆవలి ఒక చిన్న పల్లెలో. ప్రతి ఆదివారము తెల్లవారకమునుపే బయలుదేరి తిరుత్తణి మీదుగా అచ్చటికి పోయి, ప్రొద్దు గ్రుంకువేళకు మరలివచ్చుట ఇరువదేండ్లుగా మాకు నియమము. తిరుత్తణి దాక సుమారు 40 కిలోమీటర్లు జాతీయ రహదారి; పూర్వము 205వ నంబరుగా నుండినదే యిప్పుడు 716 అయినది. అటుపిమ్మట పళ్ళిపట్టు దాక సామాన్యమైన తారురోడ్డు. కడపటి ఆరు కిలోమీటర్లు మాత్రము ట్రాక్టర్లు త్రొక్కి గాడులు పడిన మట్టిబాట. అందులో ఒక వంక. వంకకు ఇరుప్రక్కల ఇసుకమేట. చెరకు నరుకు కాలమున చక్రము ఆ గాడిలో పడినచో అది పోవు దిక్కునకే మనము పోవలెను గాని, మనము కోరిన దిక్కునకు అది రాదు.

ఈ సంచిక చదువు కుటుంబములలో ఇట్టి దారి యొకటి లేనివారు అరుదు. 1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మారినప్పుడు ఇల్లొక ప్రక్కను, పొలమో మేనత్తయో మరియొక ప్రక్కను నిలిచినవారము మనము. పెండ్లికి నగరికి, కోర్టుపనికి తిరువళ్ళూరునకు, మ్రొక్కునకు తిరుత్తణి కొండకు తిరుగుచునే యుందుము. కనుక మంచి రోడ్డునకును చెడ్డ బాటకును పనికివచ్చు బండి యేది యన్న ప్రశ్న మాకు వినోదము కాదు.

2021 నవంబరు వర్షములలో ఒకనాడు అమ్మకు జ్వరమని పొరుగింటి పిల్లవాడు ఫోను చేసెను. వెంటనే బయలుదేరితిమి. అప్పటి మా బండి రెండువందల కిలోల దరిదాపు బరువు గలది. రహదారిపై ఏనుగువలె నిబ్బరముగా నడచునది. వంకలో నీరు తీసి బురద మిగిలియుండెను. ముందుచక్రము జారెను. బండి మా యెడమకాలిపై ఒరగెను. కాలు లాగుకొంటిమి గాని, బండిని లేపుట మా వల్ల కాలేదు. ఏబదియొకటవ యేట, వానలో, ఒంటరిగా, గంటకు పైగా దానితో పెనగులాడి తుదకు గట్టుపై కూలబడితిమి. చెరకు కూలీలు వచ్చులోపల మా అమ్మయే, ఒంటిమీద జ్వరముతో, గొడుగు పట్టుకొని వంకదాక నడచివచ్చెను. "బండి పోతే పోయె, నువ్వెట్లుండావు నాయనా?" అనెను. చూడవచ్చినవారిని చూడబడవలసినవారు వచ్చి చూచుకొనిపోయిరి. ఆ సిగ్గు మమ్ము చాలకాలము వదలలేదు.

కొత్తబండి మాట ఎత్తగనే మా మేనల్లుడు, "మామా, నాలుగు వందల సి.సి. లేకపోతే హైవేలో లారీవాడు లెక్క చేయడు" అని తేల్చెను. అతనిది ఎన్ఫీల్డు పక్షము. అందులో తప్పేమియు లేదు. 1955లో మదరాసు మోటార్సు వారును ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీవారును కలిసి స్థాపించిన ఎన్ఫీల్డు ఇండియా కర్మాగారము తిరువొత్తియూరులోనిదే; ఆ యూరు కొంతకాలము మన తిరువళ్ళూరు జిల్లాలోనే యుండెను. ఆ బండి చప్పుడు ఎరుగని ఊరు ఈ ప్రాంతమున లేదు. ఆ సంస్థ 2016లో హిమాలయన్ అనుదానిని, 2023లో దాని 452 సి.సి. రూపమును తెచ్చినది. మేము చూచినవానిలో రెండవ పక్షము హీరోవారి ఎక్స్‌పల్స్, 200 సి.సి.ది, వెల ఇంచుమించు సగము. ఒకదాని శక్తి 40 గుర్రములు, మరియొకదానిది దానిలో సగమునకు తక్కువ. కాగితముమీద పోలికయే లేదు.

ఈ రెండింటికిని ముందుచక్రము 21 అంగుళములు. చక్రము పెద్దదైన కొలది గుంతలో దిగబడక అంచుపై దొర్లిపోవును. గుంతలో తగిలినప్పుడు ఆకుల చక్రము కొంత వంగి ఓర్చును, పోతచక్రము పగులవచ్చును. కాని ఆకుల చక్రమునకు సామాన్యముగా ట్యూబు ఉండును. రహదారిపై మేకు దిగినచో చక్రము విప్పక గతి లేదు. ట్యూబు లేనిదానికైనచో చిన్న బిరడా చాలును. 2019 ఏప్రిలు నుండి 125 సి.సి. మించిన ప్రతి కొత్తబండికిని, బ్రేకు వేసినప్పుడు చక్రము బిగియకుండ కాపాడు ఏ.బి.ఎస్. తప్పనిసరి. తడి తారుమీద అది ప్రాణదాత. వదులు మట్టిమీద వాలు దిగునప్పుడు మాత్రము వెనుకచక్రము కొంచెము బిగిసి మట్టిని త్రవ్వుటయే మేలు; కావున ఈ బాటకు, వెనుక దానిని ఆపుకొను వీలుండవలెను, లేదా ముందు చక్రమునకు మాత్రమే అది యుండవలెను.

ఇవన్నియు విని మేము మేనల్లుని ఒకటే కోరితిమి: రెండు బండ్లను పూండి జలాశయమునకు దిగువ కుశస్థలి ఇసుకలోనికి తెమ్మని. అతడును అతని స్నేహితుడును తెచ్చిరి. వానిని మెల్లగా పండుకొనబెట్టుమని, మేమే లేపుటకు పూనుకొంటిమి. బండికి వీపు ఆనించి, గొంతుకూర్చుండి, ఒకచేత హేండిలు, ఒకచేత వెనుకపట్టు పట్టుకొని, కాళ్ళతో వెనుకకు త్రోయవలెను, నడుముతో ఎత్తరాదు. 196 కిలోలది రెండుమారులును మా పట్టు విడిపించుకొని మరల పండుకొనెను. 158 కిలోలది ఒక్క ఊపిరిలో లేచెను. కుర్రవాండ్రు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. వంకగట్టు మీది గొడుగే కండ్లకు కట్టెను.

రహదారి మాట మరచిపోలేదు. తేలికబండి గంటకు 80 వరకు సుఖముగా పోవును. ఆపైన చేతులు జుమ్మనును. లారీ దాటిపోవునప్పటి గాలికి ఒక జానెడు పక్కకు జరుగును. కాని లెక్క వేయగా తిరుత్తణి దాక 80లో అరగంట, 100లో ఇరువదినాలుగు నిమిషములు. ఆరు నిమిషముల కొరకు నలుబది కిలోల బరువును వంకలోనికి మోసికొనిపోవుట మాకు న్యాయముగా తోచలేదు. నిత్యము బెంగుళూరు దాక పోవువారికి మా తీర్పు వర్తింపదు. వారు మేనల్లుని మాట వినవలెను. 2024లో 200 సి.సి.ది కొంటిమి. (మరుసటి యేడే 210 సి.సి.ది వచ్చినది. మేము ఏది కొనినను ఇట్లే యగును.)

మరచినది ఒకటి. దాని ఆసనము నేలకు 825 మిల్లీమీటర్లు. మేమే మునివ్రేళ్ళపై నిలువవలెను. తిరుత్తణిలో కంటి డాక్టరుకు చూపింపవలెనని తోడుకొనిపోబోగా అమ్మ దానిని క్రిందనుండి మీదికి చూచి, "ఇది బండా, గుర్రమా? ఎట్లెక్కేది రా?" అనెను. ఇంత ఆలోచించి, ఎవరికొరకు కొంటిమో ఆమె మోకాలిని కొలువనే లేదు. తిరిగి ఇచ్చివేయుదమా యని ఒక క్షణము తోచెను.

ఆమె మాత్రము మారు మాటాడక ఇంటి అరుగు ఎక్కి నిలిచెను. బండిని అరుగునకు ఆనించి నిలిపితిమి. శిరస్త్రాణము తగిలించుకొని, "కొప్పు నలుగుతాది" అని సణుగుచు, ఒక ప్రక్కగా దిగి కూర్చుండెను. వెనుక కూర్చున్నవారి బట్ట చక్రమున చిక్కకుండ అడ్డుండవలెనని కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది చెప్పుచున్నది. ఆ కడ్డీ విలువ ఆనాడు తెలిసినది. వంకలో దిగినప్పుడు ఆమె మా భుజము గట్టిగా పట్టుకొని పాదములు రెండును పైకెత్తెను. బండి జారలేదు.

తిరుత్తణిలో మరల ఎక్కుటకు అరుగు దొరకలేదు. టీ అంగడివాడు తన ముక్కాలిపీట నిచ్చెను. అది మొదలు మా బండి వెనుక, అదనపు ట్యూబు ప్రక్కన, ఒక చెక్కపీట కట్టియుండును.