శిక్ష అయిపోయాక

మినియాపొలిస్‌లో ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు ఒక తీర్పు చదివాను. 2015 జూన్‌లో ఫెడరల్ జడ్జి డొనొవన్ ఫ్రాంక్ రాసింది.

లైంగిక నేరాలకి శిక్ష పూర్తిచేసుకున్న వాళ్ళలో కొందరిని, మళ్ళీ చేస్తారేమోనని, చికిత్స పేరుతో లోపలే ఉంచుతుంది మినెసోటా. దాని పేరు సివిల్ కమిట్‌మెంట్. అప్పటికి ఏడు వందల మందికి పైనే ఉన్నారు. ఇరవయ్యేళ్ళలో పూర్తిగా విడుదలైనవాడు ఒక్కడూ లేడు. ఇంకా ప్రమాదకరమేనా అని ప్రభుత్వం తనంతట తానుగా ఎప్పటికప్పుడు చూసేది కాదు. పిటిషన్ పెట్టుకోవాలి. ముందు రివ్యూ బోర్డు, ఆపైన ముగ్గురు జడ్జీలు.

ఇది రాజ్యాంగ విరుద్ధం అన్నాడు ఫ్రాంక్. 2017 జనవరిలో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది.

నా పని కూడా అంచనాలే. ఏ కార్డు లావాదేవీ మోసమో మా మోడల్ ముందే చెప్పాలి. పొరపాటున మంచి కార్డు ఆపితే కస్టమర్ ఫోన్ చేసి తిడతాడు, సరిచేస్తాం. కానీ అసలు బయటికే వదలని మనిషి విషయంలో మన అంచనా తప్పని ఎలా తెలుస్తుంది?

మా పాపకి ఐదేళ్ళు. అలాంటివాడు మా వీధిలోకి వస్తున్నాడంటే వద్దని సంతకం పెట్టేవాళ్ళలో నేనే ముందుంటాను. అందుకే, ఆ ముగ్గురు జడ్జీల్లో నాలాంటివాడు ఉండకూడదనుకుంటాను.