చేతి వణకు – లెన్సు నిలకడ

కెమెరా లేని ఇల్లు నేడు మనలో లేదు. పెండ్లికిని షష్టిపూర్తికిని ఫొటో స్టూడియోవారిని పిలుచుట మానలేదు గాని, వారు రాక పూర్వమే ఇంటిలోని ప్రతి చేయియు ఒక సెల్ ఫోనును ఎత్తి పట్టుకొనియే యుండును. వేడుక ముగిసిన మరునాడు ఆ వీడియోలను చూడ కూర్చుండిన వారికి రెండు నిమిషములలో తల తిరుగును. ఇదేమని అడిగినచో, "మా ఫోనులో స్టెబిలైజేషన్ ఉన్నదండీ, అయినా ఇట్లాగే వచ్చింది" అని సమాధానము. వేడుకల మాటయే యైనచో మేమీ నాలుగు మాటలు వ్రాయ బూనియుండము. చెన్నపట్టణములో తరతరములుగా నిలిచిపోయిన మన కుటుంబములలో పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. వారి నోటి మాటను, వారు తిరిగిన వీధులను చిత్రించి దాచుకొనవలెనను కోరిక మన పిల్లలకు ఇప్పుడిప్పుడే కలుగుచున్నది. ఆ చిత్రము చెడినచో మరల తీయుటకు పలుమారు వీలుండదు. కావున ఆ స్టెబిలైజేషన్ అనునది ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలిసికొనుట మంచిది.

దాని పని వినుటకు చిత్రముగా నుండును. కెమెరాలోపల కదలికను పసిగట్టు చిన్న గైరో పరికరమొకటి కలదు. చేయి ఏ దిక్కునకు ఎంత వేగముగా వంగినదో అది సెకనుకు వందలకొలది పర్యాయములు కొలుచును. ఆ కొలతను బట్టి, అయస్కాంతముల నడుమ తేలియాడుచున్న లెన్సు నొకదానిని యంత్రము ఎదురు దిక్కునకు జరుపును. చేయి క్రిందికి వంగగా పడిన తేడాను లెన్సు సరిచేయును. బొమ్మ ఉన్నచోటనే నిలుచును. మానవుని చేయి ఎంత బిగబట్టినను సెకనుకు ఎనిమిది మొదలు పండ్రెండు మారులు సన్నగా వణకుచునే యుండును. ఆ వణకును అణచుటలో ఈ యేర్పాటు నిజముగా గొప్పది. 1995 లో కానన్ సంస్థవారు మార్చుకొనదగిన లెన్సులో దీనిని మొదట ప్రవేశపెట్టినది నిశ్చల చిత్రముల కొరకే. మసక వెలుతురులో, చేతిలోని కెమెరాతో, చెదరని ఫొటో తీయుటయే అప్పటి ఉద్దేశము. నేటికిని పెట్టెపై "అయిదు స్టాపులు, ఏడు స్టాపులు" అని అచ్చువేయు లెక్క ఫొటోలను గూర్చినదే. నడచుచు తీయు వీడియోకు ఆ లెక్క వర్తింపదు. అమ్మువారు ఈ సంగతి చెప్పరు, కొనువారు అడుగరు.

నడక వేరు, వణకు వేరు. నడచునపుడు సెకనుకు రమారమి రెండు అడుగులు పడును. ప్రతి అడుగునకు శరీరమంతయు లేచి పడును. అనగా కెమెరా వంగుట మాత్రమే కాదు, చోటే మారుచున్నది. చోటు మారినపుడు దగ్గరనున్న వస్తువు ఎక్కువగాను, దూరముననున్నది తక్కువగాను జరుగును. లెన్సును ఏ కొంచెము జరిపినను ఈ రెండింటిని ఒక్కసారిగా సరిచేయుట సాధ్యము కాదు. పైగా ఫోనులో అది జరుగగల మేర మిల్లీమీటరులో స్వల్పభాగము. ఆ మేర తీరిపోగానే గోడకు తగిలిన బంతివలె అది ఆగిపోవును; బొమ్మ ఎగిరిపడును.

ఇవియన్నియు రాయపురములో మా కండ్లతో చూచితిమి. అచ్చటి రైలు స్టేషను మన పట్టణమునకే గాక దక్షిణ దేశమునకంతటికిని మొదటిది. 1856 జూన్ 28 న గవర్నరు హారిస్ ప్రభువు దానిని ప్రారంభించెను. జూలై 1 న వాలాజా రోడ్డు వరకు తొలి బండి నడచినది. వరుసగా స్తంభములు నిలిచిన ఆ ముఖభాగమును మా అన్నగారి మనుమడు ఫోనుతో, వెడల్పు లెన్సు పెట్టి, నడచుచు చిత్రించినాడు. ఇంటికి వచ్చి చూడగా నడిమి స్తంభములు చక్కగా నిలిచియున్నవి. అంచులనున్నవి మాత్రము గాలికి ఊగు పరదాలవలె సాగుచు కుంచించుకొనుచు కన్పట్టినవి! నూటయరువది యేండ్లకు మించి నిలిచిన కట్టడము ఒక నిమిషములో జున్నుముక్క యైపోయినది. కారణము కష్టమైనది కాదు. కెమెరా వంగినపుడు, వెడల్పు చిత్రములో నడిమి భాగము కొంత, అంచులు అంతకంటె ఎక్కువగా జరుగును. లెన్సు మాత్రము చిత్రమునంతటిని ఒకే కొలతతో వెనుకకు త్రోయును. నడుమకు సరిపోయిన కొలత అంచునకు చాలదు. నిజము చెప్పవలెనన్న, అంతయు కలిసి కదలుట కంటికి ఓర్వవచ్చును గాని, సగము నిలిచి సగము ఊగుట ఓర్వరానిది.

మరునాడు కాశిమేడు చేపల రేవు. గట్టున నిలిచి, వరుసగా కట్టియున్న పడవలను ఎడమనుండి కుడికి మెల్లగా చూపవలెనని పిల్లవాని ఉద్దేశము. లెన్సునకు ఆ ఉద్దేశము తెలియదు గదా! మెల్లని మలుపును అదియు వణకే యనుకొని మొదట పట్టి నిలుపును. తన మేర తీరగానే ఒక్కసారి విడుచును. పడవలు కదలక, కదలక, దుమికినవి. వేగముగా త్రిప్పినచో ఇది మలుపేయని నేటి యంత్రములు చాలవరకు గుర్తించును. మెల్లని మలుపే వానిని మోసగించునది. ఇక పడవ ఎక్కి తీసినచో, సముద్రపు గీత తక్కెడవలె ఇటునటు ఒరగును. లెన్సును ప్రక్కకు జరిపినంత మాత్రమున ఒరిగిన బొమ్మ నిటారు కాదు. లెన్సును గాక బొమ్మ పడు పలకనే త్రిప్పి ఈ ఒరుగుడును కూడ సరిచేయు కెమెరాను 2012 లో ఒలింపస్ వారు తెచ్చిరి.

మూడవనాటి సంగతియే మాకు ముఖ్యము. మా మేనత్తగారికి అప్పటికి ఎనుబదియారేండ్లు. సూర్యనారాయణ చెట్టి వీధి ప్రాంతమున ఎవరి ఇల్లు ఎక్కడ నుండెనో, ఏ అరుగుమీద ఎవరు పురాణము చెప్పిరో ఎరిగినవారు ఆమె తప్ప మా వంశములో లేరు. ఆమె కర్ర పట్టుకొని, ఒక్కొక్క గుమ్మము చూపుచు నడచిరి. పిల్లవాడు నాలుగడుగులు ముందు, వెనుకకు నడచుచు నలువది నిమిషములు తీసినాడు. రాత్రి అందరము చూచుచుండగా ఆమె, "ఏమిరా అబ్బాయీ, మన వీధి పడవమీద ఉన్నట్టు ఊగుతున్నదే!" అనిరి. "ఊగేది వీధి కాదవ్వా, నేను" అని వాడనినాడు. అదిగాక ఆమె సన్నని గొంతు వెనుక, లెన్సు కదలు రొద తుమ్మెదవలె వినబడుచుండెను. ఆ పిమ్మట మోకాళ్లు సాగక ఆమె ఆ వీధికి మరల రాలేదు.

తరువాతి వారము ఆమెను ఇంటి వసారాలో కూర్చుండబెట్టి, ఫోనును బియ్యపు సంచిమీద నిలిపి, స్టెబిలైజేషన్ ఆపివేసి, అదే వీధిని మాటలతో మరల నడిపించితిమి. ఫోనును కదలనిచోట పెట్టినపుడు దానిని ఆపుట మంచిది. కొన్ని యంత్రములు లేని వణకును వెదకుకొనుచు తామే మెల్లగా జరుగుచుండును. పిల్లవాడు ఒక్కడే పోయి ఒక్కొక్క ఇంటి ఎదుట గోడకు వీపు ఆనించి, మోచేతులు ప్రక్కలకు అదిమి, ఇరువది సెకనులు నిలిచి తీసికొని వచ్చినాడు. ఆ నిలుకడ చిత్రములను ఆమె మాటలకు జోడించితిమి. ఒక్క మూల ఇంటిని మాత్రము ఆ నడుమనే పడగొట్టిరి. దానికి ఊగు చిత్రమే గతియైనది.

పూర్వులకు ఈ తంటా లేదు. మన రఘుపతి వెంకయ్యగారి కాలమున, 1921 నాటి "భీష్మ ప్రతిజ్ఞ" రోజులలో, కెమెరాను చేతితో త్రిప్పవలసియుండుటచే మూడుకాళ్ల పీట లేనిదే పని జరిగెడిది కాదు. నడచుచు తీయు విద్యకు దారి చూపినది లెన్సు కాదు. శరీరపు కుదుపు కెమెరాకు చేరకుండ దానిని బరువులతో, స్ప్రింగులతో తేల్చి నిలిపిన గారెట్ బ్రౌన్ గారి స్టెడీకామ్. 1976 నాటి "రాకీ" చిత్రములో లోకమంతయు దానిని చూచినది. నేడు పిల్లలు పట్టుకొని తిరుగు గింబల్ మోటార్లతో పనిచేయునది. ఒరుగుడును మలుపును చక్కగా సరిచేయును గాని, అడుగుల లేచిపడుట దానికిని పూర్తిగా లొంగదు. మోకాళ్లు కొంచెము వంచి మెత్తగా నడచుట నేర్వవలసినదే.

మరియొక సంగతి. రేవు ప్రక్కనుండి ఎన్నూరు వైపు పోవు రోడ్డుమీద, మోటారు సైకిలు హ్యాండిలుకు ఫోను బిగించి వీడియో తీయుచు పోవు యువకులను తరచుగా చూచుచున్నాము. ఇంజను అదురు ఎక్కువ కాలము తగిలినచో, తేలియాడు లెన్సు పనితీరు క్షీణింపవచ్చునని ఆపిల్ సంస్థవారే 2021 లో తెలియజేసిరి. చిన్న స్కూటరుకైనను అదురును మ్రింగు బిగింపును వాడవలెననిరి. అది లేనప్పుడు ఫోను జేబులో ఉండుటయే మేలు. చూడవలసినచోట బండి నిలిపి, దిగి తీయవచ్చును.